షిప్‌యార్డులోనో బోటు షెడ్డులోనో పని నేర్చుకోవాలంటే: పదో తరగతి తర్వాత ఏం చేయాలి

"మావాడు టెన్త్ పాసయ్యాడు, షిప్‌యార్డులో చేరాలంటే ఏ కోర్సు చదివించాలి?" విశాఖ, కాకినాడ వాళ్లే కాదు, సముద్రం మొహం చూడని ఖమ్మం, కరీంనగర్ వాళ్లూ ఇదే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. పేరులో "మెరైన్" ఉన్న కోర్సు కోసం వెతకొద్దు. యార్డు గేటు దగ్గర మిమ్మల్ని అడిగేది ఏ ట్రేడ్ చేశావు, ఎక్కడ అప్రెంటిస్ చేశావు, టెస్ట్ పీస్ (పరీక్షకు చేసి చూపే ముక్క) కొట్టగలవా అనే. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ లాంటి మామూలు ఐటీఐ ట్రేడ్ చేసి, ఆ మీదట యార్డులో అప్రెంటిస్‌షిప్ చేస్తే మీరు మెరైన్ మనిషే. లక్షలు పోసి "షిప్ బిల్డింగ్ డిప్లొమా" అని రంగుల కాగితం తెచ్చుకున్నవాళ్లు కూడా చివరికి ఆ గేటు దగ్గర అదే క్యూలో నిలబడతారు.

కావలసినవి

- పదో తరగతి మార్కుల మెమో. ఎనిమిదితోనే చదువు ఆగినా దారులున్నాయి, కింద చెప్తాను.
- ఆధార్. అందులో పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.
- ఆధార్ సీడింగ్ అయిన బ్యాంకు ఖాతా. స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా నేరుగా అందులోకే వస్తుంది.
- కుల ధ్రువీకరణ పత్రం, వర్తిస్తే దివ్యాంగుల సర్టిఫికెట్.
- మీ సొంత మొబైల్ నంబర్, ఈమెయిల్. నెట్ సెంటర్ వాళ్ల ఈమెయిల్ పెట్టించుకుంటే హాల్ టికెట్ వచ్చిన సంగతి మీకు తెలియదు.
- సేఫ్టీ షూ, కాటన్ ప్యాంటు చొక్కా. వెల్డింగ్ దగ్గర పాలిస్టర్ వేసుకుంటే నిప్పురవ్వ పడగానే బట్ట కరిగి చర్మానికి అంటుకుంటుంది.

1. ఓడ కడతారా, ఎక్కుతారా? ముందు తేల్చుకోండి

చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. కట్టే పనిలోనే రెండు దారులు, ఎక్కే పని ఇంకొకటి, మొత్తం మూడు.

ఒకటి, పెద్ద ఉక్కు ఓడలు కట్టే, మరమ్మతు చేసే యార్డు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్, నావల్ డాక్‌యార్డ్ ఇలాంటివే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన సింధియా యార్డే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. అక్కడ కట్టిన తొలి ఓడ జల ఉష 1948లో నీళ్లలోకి దిగింది.

రెండు, చేపల బోట్లు కట్టే షెడ్లు. విశాఖ ఫిషింగ్ హార్బర్, కాకినాడ, తాళ్లరేవు వైపు చెక్క బోట్లు, ఫైబర్ బోట్లు కడతారు. ఆ పక్కనే ఉన్న కోరింగ ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. 1839 తుఫాను దాన్ని ఊడ్చేసింది గానీ, ఆ చుట్టుపక్కల పడవ పని మాత్రం ఆగలేదు.

మూడు, ఓడెక్కి సముద్రం మీద పనిచేసే ఉద్యోగాలు. వీటి నిబంధనలు పూర్తిగా వేరు, చివర్లో క్లుప్తంగా చెప్తాను.

తేల్చుకునే ముందు మీ ఒంటిని కూడా ఒకసారి అడగండి. ఓడ అడుగున డబుల్ బాటమ్ ట్యాంకులుంటాయి. వాటిలోకి దిగే కన్నం దాదాపు రెండడుగుల పొడవు, అడుగున్నర కూడా లేని వెడల్పు ఉంటుంది. ఆ కన్నంలోంచి లోపలికి దూరి, పడుకుని వెల్డింగ్ చేయాలి. ఇరుకంటే ఊపిరాడనివాళ్లు, ఎత్తుకెక్కితే కాళ్లు వణికేవాళ్లు సిగ్గుపడకుండా మెషిన్ షాప్, ఎలక్ట్రికల్ వర్క్‌షాప్ పనుల వైపు చూసుకోవడం మేలు.

2. ట్రేడ్ ఎంచుకోండి

పదో తరగతి పాసైతే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్ ట్రేడ్లు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఏడాది. ఎనిమిది పాసైనవాళ్లకు వెల్డర్, షీట్ మెటల్ వర్కర్, ప్లంబర్, కార్పెంటర్ ఉన్నాయి.

యార్డులో ఎక్కువ మంది కావాల్సింది వెల్డర్లు, ఫిట్టర్లు, పైప్ ఫిట్టర్లు. నన్నడిగితే మెకానిక్ డీజిల్‌ని తక్కువగా చూడొద్దంటాను. ఓడ ఇంజిన్, బోటు ఇంజిన్, జనరేటర్ అన్నీ డీజిలే. యార్డులో పని దొరక్కపోయినా హార్బర్‌లో బోటు ఓనర్ల దగ్గర పనికి లోటుండదు. పెయింటర్ ట్రేడ్‌ని కూడా చాలామంది నవ్వి వదిలేస్తారు. కానీ ఉప్పునీళ్లలో నిలిచే ఓడకు తుప్పు వదిలించడం, పూతల మందం కొలిచి వేయడం గోడకు రంగేసే పని కాదు.

షిప్‌రైట్ (ఓడ ఒళ్లు కట్టే పని) అనే ట్రేడ్ కూడా ఉంది, స్టీల్‌కు ఒకటి, చెక్కకు ఒకటి. దీన్ని మామూలు ఐటీఐలో వెతికితే దొరకడం కష్టం. అప్రెంటిస్‌షిప్‌లోనే కనిపిస్తుంది.

3. ఐటీఐలో చేరండి, కానీ షెడ్డు చూశాకే

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఐటీఐ సీట్లు ఆన్‌లైన్ దరఖాస్తు, కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు. టెన్త్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి రోజూ వెబ్‌సైట్ చూస్తుండండి. విశాఖలో అయితే కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ ఉంది. మొదటి ఆప్షన్లన్నీ ప్రభుత్వ ఐటీఐలకే పెట్టండి. మిగిలితేనే ప్రైవేటు.

ప్రైవేటులో చేరాల్సి వస్తే ఫీజు కట్టే ముందు ఈ మూడు చూడండి.

- ఆ కాలేజీకి, *ఆ ట్రేడ్‌కి* కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) గుర్తింపు ఉందా? చాలామంది దీన్ని ఇప్పటికీ ఎన్‌సీవీటీ గుర్తింపు అనే అంటారు. కాలేజీకి ఉండి మీ ట్రేడ్‌కి లేకపోవచ్చు. స్కిల్ ఇండియా డిజిటల్ పోర్టల్‌లో మీరే వెతికి చూడండి, గోడ మీద ఫ్రేమ్ కట్టిన కాగితాన్ని నమ్మొద్దు.
- వెల్డింగ్ షెడ్డు వెనక్కి వెళ్లి తుక్కు చూడండి. ఎలక్ట్రోడ్ ముక్కలు, కోసిపడేసిన ప్లేట్లు కుప్పగా ఉంటే అక్కడ పిల్లలు పని చేస్తున్నట్టు. నేల అద్దంలా మెరుస్తోందంటే అక్కడ ఎవరూ వెల్డింగ్ చేయట్లేదని అర్థం. ప్రిన్సిపాల్ గారి గదిలో గంట కూర్చుంటే తెలియనిది ఆ తుక్కు కుప్ప రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది.
- అక్కడ చదువుతున్న కుర్రాణ్ని పక్కకు పిలిచి "వారానికి ఎన్ని రాడ్లు ఇస్తారు?" అని అడగండి.

హెచ్చరిక: "రాకపోయినా ఫర్వాలేదు, హాజరు మేం చూసుకుంటాం" అనే చోట చేరొద్దు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, యార్డు టెస్ట్‌లో చెయ్యి ఆడదు.

మార్కులు ముఖ్యమా? ముఖ్యమే. విశాఖ నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ నోటిఫికేషన్లలో టెన్త్‌లో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతూ వస్తున్నారు. ఐటీఐలో 62 తెచ్చుకుని బాధపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. థియరీ పేపర్‌ని గాలికొదిలేయకండి.

4. చదువుతుండగానే చేతిని సిద్ధం చేసుకోండి

ఇక్కడ కాస్త నింపాదిగా చదవండి. అసలు పని నేర్చుకునేది ఇక్కడే.

వెల్డర్లకు: ఐటీఐలో ఎక్కువగా ప్లేటును బల్ల మీద పడుకోబెట్టి కొట్టిస్తారు. యార్డులో మాత్రం ప్లేటు నిలువుగా ఉంటుంది, లేదా నెత్తిమీద ఉంటుంది. అందుకే నిలువు వెల్డింగ్, అంటే 3జీ, కింద నుంచి పైకి కొట్టడం వీలైనన్నిసార్లు చేయండి. తర్వాత నెత్తిమీది 4జీ. పైపుల వైపు వెళ్లేవాళ్లు 6జీ (ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ కొట్టడం) వరకు సాధించాలి.

7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడేటప్పుడు దాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి క్వివర్‌లో (రాడ్లను వెచ్చగా ఉంచే డబ్బా) ఉంచి, ఒక్కొక్కటే తీసి వాడాలి. మన తీరంలో గాలి తేమ ఎక్కువ. బయట పడేసిన రాడ్డు తేమ పీల్చుకుంటే వెల్డులో బుడగలొస్తాయి, తర్వాత పగుళ్లు కూడా రావచ్చు. సీఓ2 వెల్డింగ్ చేస్తుంటే మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే గ్యాస్ కవచాన్ని ఎగరగొట్టేస్తుంది. పొద్దున్న చక్కగా వచ్చిన వెల్డు మధ్యాహ్నం జల్లెడలా వస్తే మెషిన్‌ని తిట్టకండి, ముందు గాలికి అడ్డంగా టార్పాలిన్ పట్టా కట్టండి.

మీ వెల్డు బాగుందో లేదో మీరే చూసుకునే పద్ధతి: స్లాగ్ (వెల్డు మీద పేరుకునే పెంకు) పూర్తిగా కొట్టి, వైర్ బ్రష్ వేసి, వెలుతురులో పరీక్షించండి. అంచుల వెంట గోరు నడిపితే గాడిలా తగులుతోందా? అది అండర్‌కట్, కరెంటు ఎక్కువైంది లేదా చెయ్యి అంచు దగ్గర ఆగలేదు. గుండుసూది కన్నాలుంటే తేమో, గాలో, తుప్పో కారణం. పైకి బాగున్నా నమ్మొద్దు. ముక్కను పట్టీలుగా కోసి, వైస్‌లో బిగించి, వెల్డు మధ్యకు వచ్చేలా యూ ఆకారంలో వంచండి. రూట్ (వెల్డు అడుగు) వైపు ఒక పట్టీ, పై వైపు ఒక పట్టీ. విచ్చుకుంటే లోపల కలవలేదన్నమాట. యార్డులో మీ టెస్ట్ పీస్‌ను ఇలాగే వంచుతారు, అవసరమైతే ఎక్స్‌రే కూడా తీస్తారు.

ఫిట్టర్లకు: టేపు కొలత చదవడం, మట్టం చూడటం, డ్రాయింగ్ చదవడం. మూడోది రానివాడు ఫిట్టర్ కాదు, ఫిట్టర్‌కి హెల్పర్. ఫ్రేమ్ నంబర్ (ఓడ పక్కటెముకల్లాంటి ఉక్కు చట్రాల వరుస సంఖ్య), పోర్ట్ వైపు, స్టార్‌బోర్డ్ వైపు అనే మాటలు ముందే తెలుసుకోండి. ఓడ ముందుకి తిరిగి నిలబడితే ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్. మీరు ఎటు తిరిగినా అవి మారవు. కొత్తవాళ్లు బ్రాకెట్‌ని తప్పు వైపు అతికించేది ఇక్కడే.

5. అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తు చేయండి

1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద యార్డులు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఇదీ క్రమం:

ముందు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని, ఆధార్ ధ్రువీకరణ పూర్తి చేసి, ప్రొఫైల్‌ని చివరిదాకా నింపండి. తర్వాత యార్డు నోటిఫికేషన్ వచ్చినప్పుడు దానికి విడిగా అప్లై చేయాలి. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి వాళ్లే పిలుస్తారని కూర్చోకండి, పిలవరు. కొన్నిచోట్ల ఆన్‌లైన్‌తో పాటు కాగితాలను పోస్టులో పంపమంటారు. డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ నోటిఫికేషన్లలో ఈ షరతు కనిపిస్తుంది. చివరి తేదీ అంటే మీరు పోస్టు చేసే తేదీ కాదు, అక్కడికి చేరాల్సిన తేదీ. వారం ముందే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.

డాక్‌యార్డ్ రాత పరీక్షలో గణితం, జనరల్ సైన్స్, జీకే ఉంటాయి. టెన్త్ స్థాయి లెక్కలు మళ్లీ తిరగేస్తే చాలు, దీనికి కోచింగ్ అక్కర్లేదు.

ఐటీఐ చేయకపోతే? ముంబైలోని మజగావ్ డాక్ ఎనిమిది, పది పాసైనవాళ్లను కూడా విడివిడి గ్రూపులుగా తీసుకుంటుంది. పదితో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, పైప్ ఫిట్టర్ లాంటివి, ఎనిమిదితో రిగ్గర్ (బరువులు కట్టి ఎత్తి దించే పని), వెల్డర్. వయసు పరిమితి మాత్రం బిగుతుగా ఉంటుంది, కాబట్టి టెన్త్ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగితే ఈ తలుపు మూసుకుపోతుంది. కొన్ని యార్డులు తమ రాష్ట్రం వాళ్లనే తీసుకుంటాయి, అప్లై చేసే ముందు ఆ ఒక్క వాక్యం వెతకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*పేరు తేడా.* టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. లేదా ఒకదాంట్లో ముందు, మరోదాంట్లో వెనక. పోర్టల్ దీన్ని ఒప్పుకోదు, సర్టిఫికెట్ల పరిశీలనలోనూ ఆపేస్తారు. ఈ రోజే ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

*తొందరపడి ఎక్కడో ఒకచోట సంతకం.* ఒకసారి అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లను యార్డులు మళ్లీ తీసుకోవు. ఏదో చిన్న కంపెనీలో ఏడాది చేసేసి, తర్వాత యార్డు నోటిఫికేషన్ చూసి తల పట్టుకోవద్దు.

*ఇదే ఉద్యోగం అనుకోవడం.* అప్రెంటిస్ పూర్తయితే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఇది శిక్షణ మాత్రమే. పెళ్లిచూపుల్లో "షిప్‌యార్డులో పర్మినెంట్" అని చెప్పే పెద్దలు ఈ లైను రెండుసార్లు చదవాలి.

*కాంట్రాక్టర్ చెప్పే "అప్రెంటిస్".* పోర్టల్‌లో మీ పేరు మీద కాంట్రాక్టు రిజిస్టర్ అయి, దానికి నంబరు ఉంటేనే అది అప్రెంటిస్‌షిప్. నంబరు లేదంటే మీరు తక్కువ కూలికి పనిచేసే హెల్పర్, అంతే. చేరిన మొదటి నెలలోనే లాగిన్ అయి చూసుకోండి.

*బ్రోకర్లు.* "లోపల మనవాళ్లున్నారు, లక్ష ఇవ్వండి" అనేవాడు పది మంది దగ్గర తీసుకుంటాడు. ఇద్దరికి మెరిట్‌లో ఎలాగూ వస్తుంది, ఆ ఇద్దరి పేరు చెప్పి మళ్లీ ఇరవై మంది దగ్గర వసూలు చేస్తాడు.

6. బోటు షెడ్డు దారి ఎంచుకుంటే

దీనికి సర్టిఫికెట్ కన్నా మేస్త్రీ ముఖ్యం. హార్బర్ దగ్గర షెడ్డుకు వెళ్లి, ఒక బోటు మొదట్నుంచి చివరిదాకా కట్టే వరకు ఉంటానని మాట్లాడుకోండి. మధ్యలో వెళ్లిపోతే నేర్చుకున్నది అతుకుల బొంతే.

ఫైబర్ పనిలో రెసిన్ (జిగురు ద్రవం), గట్టిపరిచే మందు, కోబాల్ట్ (త్వరగా గట్టిపడటానికి వేసేది) అనే మూడు ఉంటాయి. గట్టిపరిచే మందును, కోబాల్ట్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి. మంట లేస్తుంది, పేలనూ వచ్చు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేశాకే మందు వేయాలి. రెండు సీసాలూ వేర్వేరు చోట్ల పెట్టుకోండి. మందు కళ్లలో పడితే చూపే పోతుంది, అద్దాలు లేకుండా ఆ మూత తీయొద్దు.

మందు మోతాదు మామూలుగా రెసిన్‌లో ఒకటి నుంచి రెండు శాతం. ఏప్రిల్, మే ఎండల్లో ఒక శాతమే ఎక్కువనిపిస్తుంది, డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. అలా వేడెక్కిన డబ్బాను ఫైబర్ గ్లాస్ మ్యాట్ కట్టల దగ్గర వదలకుండా ఆరుబయటికి తీసుకెళ్లండి. చలికాలం పొద్దున్నే అయితే అదే మోతాదుకు ఆలస్యమవుతుంది. అంచనా మీద పోయకుండా కొలిచి పోయండి.

అచ్చు మీద వేసిన జెల్‌కోట్ (బోటు బయటి రంగు పొర) సిద్ధమైందా అని చూడాలంటే వేలు పెట్టండి. జిగురుగా తగలాలి, కానీ వేలికి రంగు అంటకూడదు. అప్పుడే మొదటి మ్యాట్ వేయాలి. మ్యాట్ తడిశాక తెల్లమచ్చలు కనిపిస్తే అక్కడ రెసిన్ చేరలేదు, బుడగలుంటే రోలర్ సరిగ్గా తిప్పలేదు. గట్టిపడ్డాక రూపాయి బిళ్లతో ఒళ్లంతా కొట్టుకుంటూ వెళ్లండి. టంగుమని మోగితే సరే. బోలుగా డొప్ శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడ పొరలు విడిపోయాయి, కోసి మళ్లీ కట్టాల్సిందే. పైన పెయింట్ వేసి కప్పేస్తే సముద్రంలో బయటపడుతుంది.

7. సముద్రం మీదికి వెళ్లాలంటే

చేపల నౌకల వైపు ఆసక్తి ఉంటే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ ఉంది. ప్రధాన కేంద్రం కొచ్చి, యూనిట్లు చెన్నై, విశాఖలో. వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సులు పదో తరగతి మీద ప్రవేశ పరీక్షతో ఇస్తారు. వాటి తర్వాత సముద్రంలో పనిచేసిన కాలం చూపించి, పై సర్టిఫికెట్లకు పరీక్షలు రాసుకోవచ్చు. మన జిల్లాల్లో దీని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మెరైన్ ఫిట్టర్ చేసినవాడు ఒడ్డు మీద యార్డులోనూ పనికొస్తాడు కాబట్టి నేను దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను.

మర్చంట్ నేవీలో జీపీ రేటింగ్ (ఓడలో కింది స్థాయి సిబ్బందికి ఇచ్చే శిక్షణ) ఆరు నెలల కోర్సు. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలోనే చేరాలి. ఓడ ఎక్కిస్తామనే ఏజెంటుకు ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు (ఓడల్లోకి మనుషుల్ని చేర్పించే అనుమతి) ఉండాలి. నంబరు అడిగి, అదే డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. విదేశీ పోర్టులో జీతం లేకుండా, పాస్‌పోర్టు చేతిలో లేకుండా చిక్కుకున్న కుర్రాళ్ల కథలు శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఉద్దానం వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు గల్ఫ్, సింగపూర్ యార్డులకు వెళ్లడం కొత్తేమీ కాదు. అలా వెళ్లేవాళ్లు ఈమైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకు కేంద్ర ప్రభుత్వ పోర్టల్) రిజిస్టర్ అయిన ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఆ ఏజెంటు మీ దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీకి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని పరిమితి ఉంది. అంతకు మించి అడిగాడంటే అడిగినదానికి రసీదు ఇమ్మనండి, మాట మారుతుంది.

8. యార్డులో మొదటి వారాల్లో

గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ (లోపలి గాలి పరీక్షించి దిగొచ్చని ఇచ్చే కాగితం) వేలాడకుండా ఏ ట్యాంకులోకీ దిగొద్దు, ఫోర్‌మన్ చెప్పినా సరే. మూసి ఉంచిన ఉక్కు ట్యాంకులో తుప్పు పట్టే క్రమంలోనే లోపలి ఆక్సిజన్ ఖర్చైపోతుంది. వాసన రాదు, ముందుగా తెలియదు, మనిషి పడిపోతాడు. లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని వెంటనే దూకొద్దు, రెండో ప్రాణం పోయేది అలాగే. అరవండి, ట్యాంకు కన్నం దగ్గర కాపలా ఉన్న మనిషిని పిలవండి, శ్వాస పరికరం ఉన్నవాళ్లే దిగాలి. భోజనానికి బయటికొచ్చేటప్పుడు గ్యాస్ హోస్‌ను ట్యాంకులో వదిలేయకండి. చిన్నగా లీకైనా తిరిగొచ్చి టార్చ్ వెలిగించేసరికి ట్యాంకంతా నిండి ఉంటుంది.

చిన్న డైరీ పెట్టుకుని ఏ రోజు ఏ జాబ్ చేశారో, ఏ ప్లేటు మందం, ఏ పొజిషన్ రాసుకోండి. తర్వాత ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అంటే ఈ డైరీయే మాట్లాడుతుంది.

శిక్షణ చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. డౌన్‌లోడ్ చేసిన రోజే పేరు, తండ్రి పేరు, ట్రేడ్, యార్డు పేరు చూసుకోండి. తప్పుంటే యార్డు ట్రైనింగ్ సెక్షన్‌లో మిమ్మల్ని గుర్తుపట్టే మనిషి ఉండగానే దిద్దించుకోండి, ఏడాది తర్వాత వెళ్తే గేట్ పాస్ కూడా దొరకదు.